ఉద్యోగానికి రాసేది అర్జీ కాదు
(గ్రామీణ కౌశల్య యోజన శిక్షణ పూర్తి చేసిన వారికి)

దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన (డీడీయూ-జీకేవై) కింద ఉచిత శిక్షణ పూర్తి చేసి, ఉద్యోగం కోసం చూస్తున్న వారి కోసం ఈ సమాచారం. శిక్షణ కేంద్రం చూపించిన ఉద్యోగంలో ఇప్పటికే చేరిన వారు కూడా చదవండి. మొదటి ఉద్యోగం కేంద్రం వాళ్లు చూపిస్తారు. దాని తర్వాతది మీరే వెతుక్కోవాలి. అప్పుడు మీ తరఫున మాట్లాడేది మీ బయోడేటా, దాని మీద పెట్టే దరఖాస్తు లేఖ. బయోడేటా చాలామందికి కేంద్రంలోనే టైప్ చేసి ఇస్తారు. లేఖ దగ్గరే ఇబ్బంది.

మనకు అర్జీ రాయడం బాగా తెలుసు. పింఛను కోసం, ఇంటి స్థలం కోసం, రేషన్ కార్డులో పేరు చేర్చడం కోసం, సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వడం కోసం ఇంట్లో ఎవరో ఒకరు రాసే ఉంటారు. ఆ అలవాటుతోనే ఉద్యోగానికీ ఇలా రాస్తున్నారు:

“అయ్యా, తమరికి సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, మాది చాలా పేద కుటుంబం. నాన్న కూలి పని చేస్తారు. నాకు ఇద్దరు చెల్లెళ్లు. దయచేసి ఏదో ఒక ఉద్యోగం ఇప్పించి మా కుటుంబాన్ని ఆదుకోగలరని ప్రార్థన.”

ఇందులో ఒక్క అబద్ధం లేదు. కానీ ఈ లేఖ పని చేయదు. ఎందుకో చెప్తాను. పథకంలో చేరడానికి మీ వయసు చూశారు (15 నుంచి 35 ఏళ్లు, మహిళలకూ దివ్యాంగులకూ 45 వరకు), గ్రామీణ పేద కుటుంబమా కాదా చూశారు. అక్కడ మీ పరిస్థితే మీ అర్హత. ఆస్పత్రిలోనో, షాపింగ్ మాల్‌లోనో ఉద్యోగం ఇచ్చేవారు ఆ ప్రశ్న అడగరు. వాళ్ల దగ్గర ఒక పని ఆగిపోయి ఉంది. ఈ మనిషికి ఆ పని వచ్చా, ఎప్పటి నుంచి వస్తారు, నిలబడి చేస్తారా అన్నదే చూస్తారు. పై లేఖలో ఈ మూడింటికీ జవాబు లేదు. “ఏదో ఒక ఉద్యోగం” అనే మాట అయితే ఇంకా నష్టం. ఏ పని వచ్చో మీకే తెలియదు అనుకుంటారు.

నేనూ ఇలాంటి తప్పే చేశాను. జర్నలిజం డిగ్రీ అయ్యాక ఒక పత్రికకు రెండు పేజీల లేఖ రాశాను. చిన్నప్పటి నుంచి నాకు రాయడమంటే ఎంత ఇష్టమో అంతా రాశాను. జవాబు రాలేదు. వార్త రాసేటప్పుడు అసలు విషయం మొదటి వాక్యంలోనే చెప్పాలని తరగతిలో నేర్చుకుని, నా సొంత లేఖలో మాత్రం మర్చిపోయాను!

ఇప్పుడు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసిన ఒక అమ్మాయి, ఆస్పత్రికి రాయాల్సిన లేఖ చూడండి.

విషయం: జనరల్ డ్యూటీ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,
నమస్కారం. మీ ఆస్పత్రి నోటీసు బోర్డులో ప్రకటన చూసి జనరల్ డ్యూటీ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. డీడీయూ-జీకేవై కింద ఇదే కోర్సు పూర్తి చేశాను. సర్టిఫికెట్ కాపీ జత చేశాను.
శిక్షణలో భాగంగా నెల రోజులు ఆస్పత్రి వార్డులో పని చేశాను. బీపీ, పల్స్, టెంపరేచర్ చూసి చార్టులో రాయడం వచ్చు. పేషెంట్ మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం, మంచం నుంచి వీల్‌చైర్‌లోకి దించడం వచ్చు. కదలలేని పేషెంట్లకు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదాన్ని.
నైట్ డ్యూటీ చేయగలను. తెలుగు, కొంచెం హిందీ మాట్లాడతాను. వచ్చే సోమవారం నుంచి చేరగలను. ఇంటర్వ్యూకు పిలిస్తే వస్తాను.
ఇట్లు,
(పేరు, ఊరు, ఫోన్ నంబరు)

అంతే. ఒక పేజీ కూడా నిండలేదు. “కష్టపడి పని చేస్తాను” అని ఎక్కడా లేదు, గమనించారా? ఆ మాట అందరూ రాస్తారు. రెండు గంటలకోసారి పేషెంట్‌ను పక్కకు తిప్పాను అని మాత్రం ఆ పని చేసిన మనిషే రాయగలరు. మీది ట్యాలీ కోర్సయితే ఏ ఎంట్రీలు చేశారో రాయండి. కుట్టుమిషను అయితే ఏ మిషను మీద, ఏ బట్టలు కుట్టారో రాయండి. ఈ నమూనాను మాత్రం ఉన్నదున్నట్టు దించొద్దు. మీ బ్యాచ్‌లో ముప్ఫై మంది ఒకే లేఖ పంపితే చదివేవారు రెండో దానికే పట్టేస్తారు. పైగా రాసిన ప్రతి పనీ ఇంటర్వ్యూలో చేసి చూపించమంటారు. రానిది రాయకండి.

చదువు మధ్యలో ఆగిన వారు, పెళ్లయి పిల్లలు పుట్టాక మళ్లీ పనికి వస్తున్న వారు ఎక్కువగా భయపడేది ఆ ఖాళీ సంవత్సరాల గురించి. దాచొద్దు, పొడిగించొద్దు. “ఇంటర్ మధ్యలో ఆగింది, తర్వాత ఈ కోర్సు పూర్తి చేశాను” అని ఒక్క వాక్యం చాలు. పాపను ఇంట్లో చూసుకునే వాళ్లు ఉంటే “షిఫ్టులకు ఇబ్బంది లేదు” అని రాయండి. లేకపోతే ఏ వేళల్లో చేయగలరో ఉన్నది ఉన్నట్టు రాయండి. చేరిన పదో రోజున మానేయడం కన్నా ముందే చెప్పడం మీకూ మంచిది, వాళ్లకూ మంచిది.

ఊళ్లోని చిన్న ఆస్పత్రికి, దుకాణానికి తెలుగులో రాయొచ్చు. పెద్ద కంపెనీలు ఇంగ్లిషులో అడుగుతాయి. ముందు తెలుగులో రాసుకుని, ఆ వాక్యాలనే మీ కేంద్రం ట్రైనర్‌తో ఇంగ్లిషులోకి మార్పించుకోండి. నెట్‌లో దొరికే బరువైన ఇంగ్లిషు లేఖ పంపి, ఇంటర్వ్యూలో దాని అర్థం చెప్పలేక తడబడకండి.

ఫోన్ నంబరు సంగతి చిన్నదే, కానీ ఉద్యోగాలు పోయేది ఇక్కడే. మీ నంబరుతో పాటు ఇంట్లో వారి నంబరు ఒకటి ఇవ్వండి. ఫోన్ ఎత్తే వారికి మీరు దరఖాస్తు పెట్టిన సంగతి చెప్పి ఉంచండి. రీఛార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ ఆగిపోకుండా చూసుకోండి. కొత్త నంబరు నుంచి కాల్ వస్తే ఎత్తండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు లేఖను ఫొటోగా కాకుండా పీడీఎఫ్‌గా, ఫైలుకు మీ పేరే పెట్టి పంపండి. వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేసి మర్యాదగా అడగొచ్చు. తప్పేం కాదు.

ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు లేఖలో రాయక్కర్లేదు. ఆధార్ కాపీ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, అక్కడ వదిలి రావొద్దు. ఉద్యోగం ఖాయమైంది, రిజిస్ట్రేషన్‌కో యూనిఫామ్‌కో ముందు డబ్బు కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే ఒక్క రూపాయి పంపకండి, ఓటీపీ చెప్పకండి. ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.