రేంజ్‌ఫైండర్ కెమెరాకు వైడ్ యాంగిల్ లెన్సు: ఎంచుకోవటం ఎలా?

సావనీరు సంపాదకుడు ఫోన్ చేసి, "సార్, మీరు ఫొటోలు తీస్తారని విన్నాం. ఏదైనా ఒక టెక్నికల్ వ్యాసం రాసివ్వండి. మరీ లెక్కలు మాత్రం వద్దు" అన్నాడు. సరే అన్నాను గాని, ఫిజిక్సు చదివినవాడు లెక్క లేకుండా కటకాల గురించి ఎలా రాస్తాడు? అందుకని కొంచెం లెక్క, కొంచెం అనుభవం కలిపి రాస్తున్నాను. లెక్క నచ్చనివారు ఆ రెండు పేరాలూ దాటేసినా నాకేం కోపం లేదు.

ఈ వ్యాసం వెనక ఒక ఫొటో వుంది. ముందు దాని సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట మా డిపార్టుమెంటులో ఒక మాస్టారు రిటైరైన రోజున పాత విద్యార్థులమంతా కలిశాం. గ్రూపు ఫొటో తీసే పని నా మీద పడింది. ముప్ఫై మంది, పదేసి మంది చొప్పున మూడు వరసలు. ఎండ ఎక్కువగా వుందని వరండాలోనే నిలబెట్టాను. నాకు వెనక్కి జరగటానికి మూడు మీటర్లకు మించి చోటు లేదు. అప్పుడే సెకండ్‌హాండ్‌లో కొన్న డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరాకి, ఫిల్ము రోజులనాటి 21 మి.మీ. లెన్సు తగిలించి వున్నాను. అందరూ పట్టారు. అబ్బ, ఏం లెన్సు! అనుకున్నాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే గుండె జారిపోయింది. ఫొటోకి ఒక అంచు ఎర్రబారింది, రెండో అంచు నీలంగా వుంది. మధ్యలో కూర్చున్న మాస్టర్లు బాగానే వున్నారు. ఆ ఎర్రబారిన అంచున నిలబడినవాడు మా ల్యాబ్ అటెండరు. మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్లం. పాపం, ఆయన తల గుమ్మడికాయలా అడ్డంగా సాగిపోయింది. ప్రింటు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "నేనింత లావున్నానా బాబూ?" అన్నాడు. అందరం నవ్వేశాం. "ఇంకోసారి మంచిది తీస్తాలే బాబాయ్" అన్నాను. ఆ ఇంకోసారి రాలేదు. మరుసటి వానాకాలంలో ఆయన పోయాడు.

తప్పు ఎక్కడ జరిగింది? అది తేల్చుకోవటానికి నాకు చాలా రోజులు పట్టింది. మీకు ఒక పూటలో తెలిసిపోవాలని ఈ ప్రయత్నం.

రేంజ్‌ఫైండర్ అంటే

ఈ కెమెరాలో మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. కొంచెం దూరంలో ఇంకో కిటికీ వుంటుంది. రెండు కిటికీల్లోంచీ వచ్చే బొమ్మలు మధ్యలో ఒకదాని మీద ఒకటి పడతాయి. లెన్సు తిప్పుతూ రెండూ ఒకటయ్యేట్టు చేస్తే ఫోకస్ కుదిరినట్టే. సర్వేవాళ్లు భూమి మీద త్రిభుజం గీసి దూరం కట్టే పద్ధతే ఇది. వాళ్ల ఆధారరేఖ కిలోమీటర్లలో వుంటుంది, లైకా ఎమ్ కెమెరాలో అది దాదాపు 69 మి.మీ. అంతే తేడా.

లైకా కంపెనీ 1954లో ఎమ్3 అనే కెమెరాతో మొదలుపెట్టిన ఎమ్ మౌంటు ఇప్పటికీ నడుస్తూనే వుంది. ఈ మౌంటుతో మొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్ మాత్రం లైకాది కాదు. జపానులో ఎప్సన్ వారు 2004లో తెచ్చిన ఆర్-డి1. తరవాత 2006లో లైకా ఎమ్8, 2009లో ఎమ్9 వచ్చాయి. ఎమ్9తోనే సెన్సరు పాత ఫిల్ము ఫ్రేమంత, అంటే 24×36 మి.మీ. అయింది. లెన్సు కొనేముందు ఈ కొలత తెలియాలి. ఎప్సన్‌లో సెన్సరు చిన్నది కాబట్టి నాభ్యంతరాన్ని దాదాపు ఒకటిన్నరతో, ఎమ్8లో 1.33తో గుణించి చూసుకోవాలి. 28 మి.మీ. లెన్సు ఎమ్8 మీద పెడితే 37 మి.మీ. లెన్సు చూపించినంతే చూపిస్తుంది. వైడ్ అనుకుని కొన్నది మామూలు లెన్సయి కూర్చుంటుంది.

అద్దం లేనందువల్ల లాభం, సెన్సరు వల్ల చిక్కు

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య అద్దం పైకీ కిందకీ ఆడుతుంది. దానికి చోటు కావాలి. నికాన్ ఎఫ్ మౌంటు నుంచి ఫిల్ముకి దూరం 46.5 మి.మీ. మరి 21 మి.మీ. నాభ్యంతరం వున్న లెన్సుని అంత దూరాన ఎలా పెట్టటం? ముందు పెద్ద పుటాకార కటకం పెట్టి, కిరణాలను బలవంతంగా వెనక్కి నెట్టాలి. దీన్నే రెట్రోఫోకస్ పద్ధతి అంటారు. లెన్సు పెద్దదవుతుంది, బరువెక్కుతుంది.

రేంజ్‌ఫైండర్లో అద్దం లేదు. ఎమ్ మౌంటు దూరం 27.8 మి.మీ. మాత్రమే. పైగా లెన్సు వెనక భాగాన్ని కెమెరా లోపలికి, ఫిల్ము దగ్గరిదాకా దింపవచ్చు. ఈ స్వేచ్ఛతోనే లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన జైస్ బయోగాన్ 21 మి.మీ. లెన్సు 1954లో కాంటాక్స్ కెమెరాకి వచ్చింది. ముందు వెనక దాదాపు ఒకే పోలికగా వుండే ఇలాంటి లెన్సులు చిన్నవి, గీతలను వంచనివి. భవనాల ఫొటోలకు బంగారం లాంటివి.

ఫిల్ముకి కిరణం ఎంత ఏటవాలుగా వచ్చి తగిలినా పెద్దగా పట్టింపు లేదు. సెన్సరుకి వుంది. సెన్సరు మీద లక్షలకొద్దీ చిన్న చిన్న గుంటలుంటాయి. వెలుగు వాటి అడుగుకి చేరాలి. నిలువుగా పడే వాన బావిలోకి వెళుతుంది, ఏటవాలు జల్లు వరని తడిపి ఆగిపోతుంది. అలాగే ఇక్కడా. కొంత వెలుగు పోతుంది, కొంత పక్క గుంటలోకి పడి రంగు మారుస్తుంది. నా ఫొటోలో అంచులు ఎర్రగా, నీలంగా మారటానికి కారణం ఇదే. లెన్సు చెడిపోలేదు, అది ఫిల్ము కోసం పుట్టింది, నేను దాన్ని సెన్సరు ముందు నిలబెట్టాను.

తయారీదార్లు దీనికి కొన్ని ఉపాయాలు చేశారు. అంచుల దగ్గర సూక్ష్మ కటకాలను కొంచెం పక్కకి జరిపి అమర్చటం ఒకటి. లెన్సు మౌంటు మీద ఆరు చుక్కల గుర్తు పెట్టి, అది ఏ లెన్సో కెమెరా చదువుకుని తనే రంగు సవరించుకోవటం రెండోది. ఈ గుర్తులు 2006లో వచ్చాయి. 2022లో వచ్చిన లైకా ఎమ్11లో వాడిన సెన్సరు రకంలో తీగల పొర వెలుగు పట్టే పొరకి వెనక వుంటుంది కాబట్టి, ఏటవాలు కిరణాలకు అడ్డం తక్కువ. లెన్సులు కూడా మారాయి. వోయిగ్ట్‌లాండర్ 15 మి.మీ. హెలియార్ 1999లో ఫిల్ము కోసం వచ్చింది. 2015లో వచ్చిన మూడో రూపంలో వెనక కటకాన్ని సెన్సరుకి దూరంగా జరిపారు. లెన్సు పెద్దదయింది, అంచుల రంగు జబ్బు నయమయింది. కాబట్టి ఒకే పేరున్నా ఏ రూపం కొంటున్నారో అడిగి మరీ కొనండి.

కొంచెం లెక్క

లెన్సు ఎంత వెడల్పు చూస్తుందో తెలుసుకోవటం చాలా తేలిక. మనిషి దూరాన్ని 36తో గుణించి నాభ్యంతరంతో భాగించండి. మూడు మీటర్ల దూరంలో 21 మి.మీ. లెన్సు 5.1 మీటర్లు, 28 మి.మీ. 3.9 మీటర్లు, 35 మి.మీ. 3.1 మీటర్లు, 50 మి.మీ. 2.2 మీటర్లు పడతాయి.

వెడల్పుకి రెండు పన్నులు కట్టాలి. మొదటిది వెలుగు. అంచుకి వెళ్లే కిరణం కోణం కొసైన్ నాలుగో ఘాతం చొప్పున వెలుగు తగ్గుతుంది. 21 మి.మీ. లెన్సుకి మూలల్లో మిగిలేది మధ్యలో వున్నదాంట్లో సుమారు పావు వంతు. 28కి 40 శాతం, 35కి సగం. లెన్సు నిర్మాణాన్ని బట్టి ఇది కొంత మారుతుంది.

రెండో పన్ను మా బాబాయ్ కట్టింది. గోడ మీద బొమ్మని ఎదురుగా నిలబడి తీస్తే అంచుల్లో కూడా ఏమీ సాగదు. కాని తల బల్లపరుపుగా వుండదు, గుండ్రంగా వుంటుంది. గుండ్రని వస్తువు అంచుకి వెళ్లినకొద్దీ అదే కోణం కొసైన్‌కి విలోమంగా అడ్డంగా సాగుతుంది. 21 మి.మీ. లెన్సుకి కుడి ఎడమ అంచుల్లో ఆ సాగుడు 32 శాతం. 28కి 19, 35కి 12, 50కి 6 శాతం. ఇది లెన్సు లోపం కాదు. ఎన్ని లక్షలు పోసి కొన్నా, గీతల్ని తిన్నగా వుంచే ఏ 21 మి.మీ. లెన్సు అయినా ఇంతే సాగదీస్తుంది. ఇది జ్యామితి. జ్యామితి దగ్గర బేరం లేదు.

కిటికీ సంగతి

రేంజ్‌ఫైండర్ కిటికీలో ఫొటో హద్దులు తెల్లగీతలుగా కనిపిస్తాయి. ఎమ్9లో ఈ గీతలు 28 మి.మీ. దాకానే. అంతకన్నా వెడల్పు లెన్సుకి, పైన ఫ్లాష్ పెట్టే చోట వేరే ఫైండరు తగిలించాలి. ఒక కిటికీలో ఫోకస్, ఇంకో కిటికీలో ఫ్రేము. అలవాటైతే ఫరవాలేదు గాని, పరుగెత్తే పిల్లవాణ్ణి తియ్యటం కష్టం. 2012లో ప్రకటించిన లైకా ఎమ్ నుంచి వెనక తెర మీద కూడా చూసుకునే వీలు వచ్చింది.

కళ్లజోడున్నవారికి ఇంకో ఇబ్బంది. అద్దాలు అడ్డం రావటంతో 28 మి.మీ. గీతలు ఒకేసారి అన్నీ కనపడవు. కన్ను అటూ ఇటూ తిప్పి వెతుక్కోవాలి. నా సంగతీ అంతే. 35 గీతలైతే హాయిగా కనిపిస్తాయి. అలాగే లెన్సు లావుగా వుంటే కిటికీకి కింద కుడి మూల మూసుకుపోతుంది. అందుకే రేంజ్‌ఫైండర్ మీద చిన్న లెన్సే అందం.

"ఎఫ్/1.4 కొనమంటారా?" అని కుర్రవాళ్లు అడుగుతారు. వైడ్ లెన్సుకి నేను వద్దంటాను. ఇప్పటి సెన్సర్లు ఐ.ఎస్.ఓ. 1600 దగ్గర కూడా శుభ్రమైన బొమ్మనిస్తాయి. ఎఫ్/2.8 గాని, ఆరుబయట పనికి ఎఫ్/4 గాని చాలు. డబ్బు, బరువు రెండూ మిగులుతాయి. 28 మి.మీ. లెన్సుని ఎఫ్/8కి పెట్టి 3.3 మీటర్లకు ఫోకస్ చేస్తే, ఫిల్ము రోజుల లెక్క ప్రకారం 1.65 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. సెన్సరు ఫిల్ము కన్నా నిశితంగా చూస్తుంది కాబట్టి, ఆ లెక్కని కొంచెం అనుమానించి ఒక స్టాపు ఎక్కువ మూయటం మంచిది.

కొనే ముందు

పాత లెన్సయితే టార్చిలైటు వేసి లోపలికి చూడండి. సముద్రతీరపు ఊళ్లలో బూజు సాలెగూడులా పాకి వుంటుంది. తరవాత లెన్సు ముందు పలచని తెల్ల కాగితం ఆనించి, ఆకాశం వైపు పెట్టి మీ కెమెరాతోనే ఒక ఫొటో తియ్యండి. అంతా ఒకే రంగుగా వుందా, అంచులు ఎర్రబారాయా, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నేను కొనేటప్పుడు చెయ్యని పని ఇదే.

ఇక ఏది కొనాలి? నిండు ఫ్రేము సెన్సరయితే మొదటి వైడ్ లెన్సు 28, కళ్లజోడుంటే 35. ఎమ్8 లాంటి దానికి 21 గాని 24 గాని. మనుషుల్ని తీసేవాడికి 21తో పని తక్కువ. గుళ్లూ, కోటలూ, ఇరుకు గదులూ తీసేవాడికి అది కావాలి. అప్పుడు సెన్సరు రోజుల్లో పుట్టిన లెన్సే తీసుకోవాలి. లైకా ఖరీదు భరించలేనివారికి వోయిగ్ట్‌లాండర్, జైస్ పేర్లతో వచ్చిన ఎమ్ మౌంటు లెన్సులున్నాయి. వాటితో తీసిన ఫొటోని చూసి నేనైతే తేడా చెప్పలేను.

మళ్లీ ఆ ఫొటో

బాబాయ్ పోయిన నెలకి ఆయన కొడుకు మా ఇంటికొచ్చాడు. గోడకి పెట్టుకోవటానికి నాన్న ఫొటో కావాలన్నాడు. వున్నది ఆ ఒక్కటే. చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇది మా నాన్నలా లేదండీ" అన్నాడు మెల్లగా.

ఆ రాత్రి కూర్చుని పైన చెప్పిన లెక్కే వేశాను. అదే లెన్సుతో, తెల్ల కాగితం ఆనించి ఒక ఫొటో తీశాను. దాన్ని కొలబద్దగా పెట్టుకుని అంచుల ఎరుపుని తీసేశాను. తరవాత బాబాయ్ ఒక్కడినే కత్తిరించి, సాగిన మేరకు వెడల్పుని దాదాపు నాలుగో వంతు తగ్గించాను. తెర మీద మెల్లగా ఆయన ముఖం తిరిగి వచ్చింది. మూలన వున్నవాడు కాబట్టి కొంచెం మసక మాత్రం మిగిలిపోయింది. దానికి ఏ లెక్కా లేదు. మర్నాడు ప్రింటిస్తే కొడుకు కళ్లకద్దుకుని తీసుకెళ్లాడు.

ఆ రోజు నా సంచీలో 35 మి.మీ. లెన్సు కూడా వుంది. అయిదు మీటర్ల వరసకి అది చాలాలంటే నేను ఇంకో రెండు మీటర్లు వెనక్కి వెళ్లాలి. అంటే వరండా మెట్లు దిగి ఎండలో నిలబడాలి. బద్ధకించాను.

మిత్రులారా, లెన్సు ఏది కొన్నా మీ ఇష్టం. గ్రూపు ఫొటో తీసేటప్పుడు మాత్రం చివర ఎవరు నిలబడ్డారో ఒకసారి చూడండి. మన కాలేజీల్లో చివర నిలబడేది ఎప్పుడూ ఒకే రకం మనుషులు. వాళ్ల కోసం మెట్లు దిగండి.