‘డూ ది నీడ్‌ఫుల్’ – అర్జీలో అడగవలసినది

హైదరాబాదు పాతబస్తీలోని ఉప్పుగూడలో ఒక వీధిలో డ్రైనేజీ పొంగి, మురుగునీరు ఇళ్లలోకి చేరుతున్నదనుకొందాం. ఆ వీధిలోని ఇంటర్మీడియట్ విద్యార్థి పెద్దల తరఫున జలమండలి అధికారికి ఆంగ్లంలో అర్జీ వ్రాశాడు. బాధనంతా వివరించి, ‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’ అని ముగించాడు. ఆ వాక్యంలో మర్యాద ఉన్నది. కోరిక మాత్రం లేదు.

ముందుగా ఈ పదబంధ నిర్మాణాన్ని పరిశీలిద్దాం. ‘నీడ్’ అనగా అవసరం; ‘నీడ్‌ఫుల్’ అనగా అవసరమైన. ఈ విశేషణానికి ముందు ‘ది’ చేరినప్పుడు అది నామవాచకమవుతుంది. తెలుగులో ‘అవసరమైన’ అనే మాటకు చివర ‘ది’ చేర్చి ‘అవసరమైనది’ అంటున్నాం కదా! అందువల్ల ‘డూ నీడ్‌ఫుల్’ అని గాని, ‘నీడ్‌ఫుల్స్’ అని గాని వ్రాయరాదు.

ఒకప్పుడు ఇంగ్లండులోనూ వాడుకలో ఉన్న ఈ మాట అక్కడ క్రమంగా తగ్గిపోయింది. మన కార్యాలయాలలో మాత్రం నిలిచింది. తెలుగు లేఖలలో కనిపించే ‘తగు చర్య తీసుకొనగలరు’ అన్నది దీనికి దగ్గరి రూపమే.

అయితే దీనిని ఎప్పుడు వాడాలి? చేయవలసిన పని ఏదో ఇరువురికీ ముందే తెలిసినప్పుడు వాడవచ్చు. ఫీజు రశీదు జతచేసి, హాల్‌టికెట్టు కోరిన పిమ్మట ఆ మాట వ్రాస్తే దోషం లేదు. కోరికకు బదులుగా వ్రాస్తేనే దోషం. ఏది అవసరమో నిర్ణయించే భారం అప్పుడు చదివేవారిపై పడుతుంది. ఆ అధికారి లేఖను మరొక విభాగానికి పంపి, తన పని తీరిందనుకోవచ్చు.

కనుక ఆ విద్యార్థి ఇలా వ్రాయవలసింది: “మా వీధి డ్రైనేజీలో పూడిక తీయించి, పగిలిన మ్యాన్‌హోల్ మూతను వర్షాకాలానికి ముందే మార్పించవలసిందిగా కోరుతున్నాము.” ఇందులో పని ఉన్నది, చోటు ఉన్నది, గడువు ఉన్నది. పని జరగకపోతే మళ్లీ అడగడానికి ఆధారమూ ఉన్నది.

చట్టం కూడా ఈ స్పష్టతనే కోరుతున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 6వ సెక్షను ప్రకారం దరఖాస్తుదారు తనకు కావలసిన సమాచారమేదో పేర్కొనాలి. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. ఆ దరఖాస్తును తెలుగులోనూ వ్రాయవచ్చు.

‘అర్జీ’ పారశీ భాష ద్వారా మనకు వచ్చిన మాట. విన్నవించుకోవడమే దాని అర్థం. విన్నపం ఏ భాషలో ఉన్నా, ఏమి కావాలో చెప్పిన తరువాతనే మర్యాదవాక్యానికి చోటు.