సమాంతర ప్రోగ్రామింగ్ బెంచ్‌మార్కులు

సమాంతర ప్రోగ్రామింగ్ బెంచ్‌మార్కులు అనగా అనేక కోర్లు గల ప్రాసెసర్ల పనితీరును కొలిచి పోల్చడానికి వాడే పరీక్షా ప్రోగ్రాములు. ఒకే పనిని భాగాలుగా విడదీసి వేరు వేరు కోర్లపై ఒకేసారి నడపడాన్ని సమాంతర ప్రోగ్రామింగ్ అంటారు. పరీక్ష ఫలితం ప్రోగ్రాముపైనే కాక దానికి ఇచ్చే దత్తాంశంపై కూడా ఆధారపడుతుంది. అందువలన నిజ జీవితంలోని పనులను పోలిన పరీక్షలను ఎంచుకోవడం ముఖ్యం.

నేపథ్యం

వేడి, విద్యుత్ వినియోగం అడ్డంకులు కావడంతో 2000ల మధ్య నుండి ప్రాసెసర్ తయారీదారులు ఒక్కో కోర్ వేగాన్ని పెంచడం కంటే కోర్ల సంఖ్యను పెంచడంపై దృష్టి పెట్టారు. అయితే కోర్లు రెట్టింపైనంత మాత్రాన వేగం రెట్టింపు కాదు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదన ప్రకారం, ఒక ప్రోగ్రాములో 5 శాతం పని తప్పనిసరిగా వరుసలో జరగవలసినదైతే, ఎన్ని కోర్లు వాడినా వేగం 20 రెట్లకు మించి పెరగదు.

రహదారుల ఉదాహరణ

ఊళ్ళను శీర్షాలుగా, వాటిని కలిపే రోడ్లను అంచులుగా భావిస్తే రహదారుల పటం ఒక గ్రాఫు అవుతుంది. ఒక శీర్షం నుండి మొదలుపెట్టి ముందుగా దాని పొరుగు శీర్షాలను, తరువాత వాటి పొరుగు శీర్షాలను దశలవారీగా చేరడాన్ని బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ అంటారు. ఒక దశలోని శీర్షాలను వేరు వేరు కోర్లకు పంచవచ్చు.

సిరిసిల్ల నుండి బయలుదేరితే ఒక దారిలో వేములవాడ, ఆపై కోరుట్ల, అక్కడి నుండి 63వ జాతీయ రహదారిపై జగిత్యాల వస్తాయి. ఇటువంటి పటంలో ఒక్కో చోట కలిసే రోడ్లు తక్కువ కనుక దశలు ఎక్కువగానూ, ఒక్కో దశలో పని తక్కువగానూ ఉంటుంది. వందల కోర్లు ఉన్నా అధిక భాగం ఖాళీగా ఉంటాయి. యాదృచ్ఛికంగా తయారుచేసిన గ్రాఫులో ఇందుకు భిన్నంగా కొద్ది దశలలోనే లక్షల శీర్షాలు చేరతాయి.

హైదరాబాదు పరిశోధన

హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీకి చెందిన పవన్ హరీష్, పి.జె.నారాయణన్ 2007లో గ్రాఫిక్స్ ప్రాసెసర్లపై ఈ విధమైన ప్రోగ్రాములను నడిపి ఫలితాలను ప్రచురించారు. 600 డాలర్ల ధర గల ఎన్విడియా 8800 జీటీఎక్స్‌పై, కోటి శీర్షాలు గల గ్రాఫులో ఒక శీర్షం నుండి మిగిలినవాటికి కనిష్ఠ దూరాలను 1.5 సెకన్లలో కనుగొన్నారు. అయితే అమెరికా రహదారుల దత్తాంశంపై అదే పద్ధతి సాధారణ ప్రాసెసర్ కంటే వెనుకబడినది. శీర్షానికి సగటున రెండు మూడు అంచులే ఉండగా, ప్రతి దశలోనూ అన్ని శీర్షాలనూ పరిశీలించవలసి రావడం ఇందుకు కారణం.

వర్జీనియా విశ్వవిద్యాలయం 2009లో వెలువరించిన రోడినియా బెంచ్‌మార్కుల సమూహంలోని బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ ప్రోగ్రాము ఈ హైదరాబాదు పరిశోధన నుండి తీసుకున్నదే. దానితో లభించే పరీక్షా దత్తాంశం మాత్రం యాదృచ్ఛిక గ్రాఫులు. ఆ ఫలితాన్ని బట్టి రహదారుల పటంపై పనితీరును ఊహించడం సరికాదు.

ఎంపికలో గమనించవలసినవి

* వైవిధ్యం: బర్కిలీ పరిశోధకులు 2006లో సమాంతర గణనలను 13 తరగతులుగా విభజించారు. ఒకే తరగతి ప్రోగ్రాములతో పూర్తి చిత్రం తెలియదు.
* దత్తాంశం: ఒకే ప్రోగ్రామును భిన్న స్వభావం గల దత్తాంశాలపై నడపాలి.
* పోలిక: సమాంతర ప్రోగ్రామును ఒకే కోర్‌పై నడిపిన దానితో గాక, అందుబాటులో ఉన్న ఉత్తమ వరుస ప్రోగ్రాముతో పోల్చాలి.
* కొలత: దత్తాంశాన్ని గ్రాఫిక్స్ కార్డుకు చేరవేసే సమయాన్ని లెక్కలో చేర్చారో లేదో చెప్పాలి.

ఇతర సమూహాలు

స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన స్ప్లాష్-2 (1995), ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ కలిసి రూపొందించిన పార్సెక్ (2008) ప్రసిద్ధమైనవి. గ్రాఫుల వంటి క్రమరహిత దత్తాంశాల కొరకు కేశవ్ పింగళి, సహ పరిశోధకులు 2009లో లోన్‌స్టార్ సమూహాన్ని వెలువరించారు.