గాండ్లపెంట దారుల్లో సైకిల్: ఫోన్ జేబులో, చెవులు రోడ్డు మీద

గాండ్లపెంట వైపు సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నారా? కదిరి దాటాక ఫోన్‌లో చేయాల్సిన మొదటి పని ఫ్లైట్ మోడ్ ఆన్ చేయడం. ఊరు కాని ఊరు, ఖాళీ రోడ్డు, అక్కడ నెట్‌వర్క్ ఆపేయడమేంటని మీకు అనిపించొచ్చు. రెండు రోజులు ఆ దారుల్లో తొక్కి వచ్చాక నా అభిప్రాయం మాత్రం ఇదే. ఎందుకో వివరంగా చెప్తాను.

స్పెయిన్ సైక్లింగ్ వీడియోలు చూసి నోరూరించుకునే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. పాత రైలు మార్గాలను సైకిల్ దారులుగా మార్చే 'వియాస్ వెర్దెస్' కార్యక్రమం అక్కడ 1993లో మొదలై ఇప్పుడు 3,000 కి.మీ. దాటింది. సైక్లిస్టును దాటే బండి కనీసం 1.5 మీటర్ల దూరం వదలాలని అక్కడ చట్టమే ఉంది. మనకు అలాంటి ఏర్పాట్లు లేవు. కానీ ఖాళీగా ఉండే తారురోడ్డు, దాని చివర నాలుగైదు వందల ఏళ్ల చరిత్ర ఉన్న ఊరు కావాలంటే శ్రీ సత్యసాయి జిల్లాలోనే దొరుకుతాయి. ఏర్పాట్లు లేవు కాబట్టి జాగ్రత్త మనమే పడాలి. అందులో ఫోన్ ఎంతవరకు పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న.

మొదటి రోజు: కదిరి నుంచి తిమ్మమ్మ మర్రిమాను

కదిరి నరసింహస్వామి గుడి దగ్గర తెల్లారకముందే మొదలుపెట్టాను. గూటిబయలు దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను ఇక్కడికి సుమారు 25 కి.మీ. గాండ్లపెంట ఆ చుట్టుపక్కలే. పోను రాను కలిపి 50 కి.మీ. పైనే అవుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు కూడా ఓకే.

పట్నం దాటగానే హారన్లు తగ్గిపోతాయి. ఎర్రమట్టి చేలు, రాతి గుండ్ల గుట్టలు, రోడ్డు పక్కన చింతచెట్లు, మేకల మందలు. ఎక్కువగా వేరుశనగ పండించే నేల ఇది. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం విడుదల చేసిన రకాల పేర్లు కదిరి-6, కదిరి-9. మన ఫోన్ల మోడల్ నంబర్లలాగే! రైతులు వాటిని కే-6 అని ముద్దుగా పిలుచుకుంటారు.

ఇక మర్రిమాను. ఒకే చెట్టు, 4.7 ఎకరాలకు పైగా నీడ. 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. లోపలికి నడిస్తే ఏది మొదలో, ఏది ఊడో తెలియదు. టెక్ పిచ్చి ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక చిన్న ప్రయోగం: జీపీఎస్ రికార్డింగ్ ఆన్ చేసి చెట్టు కింద కాసేపు తిరగండి. తర్వాత మ్యాప్‌లో చూస్తే మీరు నడిచిన గీత వంకరటింకరగా కనిపిస్తుంది. ఆకులు ఉపగ్రహ సిగ్నల్‌ను బలహీనం చేస్తాయి, మానులకు తగిలి మళ్లిన సిగ్నల్ ఆలస్యంగా వస్తుంది, దాంతో ఫోన్ లెక్క తప్పుతుంది. మీ ఫోన్ ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా పట్టేదైతే ఈ తేడా తగ్గే అవకాశం ఉంది.

ఫ్లైట్ మోడ్ ఎందుకు?

చాలామందికి ఉన్న అపోహ ఒకటుంది: డేటా లేకపోతే జీపీఎస్ పనిచేయదని. అది తప్పు. జీపీఎస్, మన ఇస్రో నావిక్ లాంటివన్నీ ఉపగ్రహాల నుంచి నేరుగా వచ్చే సిగ్నల్స్. ఫోన్ వాటిని వింటుంది, అంతే. డేటా చేసే పనల్లా మొదటిసారి లొకేషన్ త్వరగా దొరికేలా సాయపడటం. అందుకే బయల్దేరే ముందు, సిగ్నల్ బాగున్నచోట ఒకసారి మ్యాప్ తెరిచి లొకేషన్ పట్టనివ్వండి. ఆ తర్వాత ఫ్లైట్ మోడ్ వేసుకోవచ్చు.

బ్యాటరీని తినేది ప్రధానంగా రెండు: ఎండలో ఫుల్ బ్రైట్‌నెస్‌తో వెలిగే తెర, గుట్టల మధ్య టవర్ కోసం ఫోన్ చేసే వెతుకులాట. రెండూ ఆపేస్తే రోజంతా ఢోకా లేదు. తెర ఆన్‌లో ఉంచి తొక్కిన రోజు మధ్యాహ్నానికే పవర్ బ్యాంక్ తీయాల్సి వచ్చింది. జేబులో పెట్టి రికార్డింగ్ మాత్రమే నడిపిన రోజు సాయంత్రం దాకా దాని అవసరమే పడలేదు.

మ్యాప్ సంగతికి వస్తే, గూగుల్ మ్యాప్స్‌లో ఏరియా డౌన్‌లోడ్ చేసుకున్నా ఆఫ్‌లైన్‌లో కారు దారి మాత్రమే చూపిస్తుంది, సైకిల్ దారి, నడక దారి రావు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌ఆండ్ లాంటి యాప్స్ ఆఫ్‌లైన్‌లోనూ సైకిల్ రూట్ ఇస్తాయి. పల్లె దారులకు ఇవే బెటర్.

మ్యాప్‌కి కనపడనిది

మర్రిమాను వైపు వెళ్తూ, పెద్ద రోడ్డు వదిలి ఒక అడ్డదారిలోకి తిరిగాను. మ్యాప్‌లో ఆ దారి శుభ్రంగా ఉంది, దూరం కూడా కలిసొస్తుంది. కొంచెం పోగానే ఎదురుగా మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన.

"ఏం బ్బీ, యాడికి?"

"మర్రిమాను కాడికి తాతా."

"ఈ దావన పోవద్దు. రాత్రి వాన పడింది, వంక పారుతాంది. చప్టా మీద మోకాటి లోతు నీళ్లుండాయి. ఎనక్కి తిరుక్కోని పెద్ద రోడ్డు పట్టుకో."

"ఫోన్‌లో దారి కనపడతాంది తాతా."

"దావ కనపడతాది. నీళ్లు కనపడతాయా?"

వెనక్కి తిరిగాను. ఇది ఏ యాప్ తప్పూ కాదు. నిన్న రాత్రి వాన ఏ మ్యాప్‌కీ తెలియదు. ఏటా సుమారు 550 మి.మీ. వాన మాత్రమే పడే ప్రాంతం కాబట్టి వంకలు చాలా నెలలు ఎండిపోయే ఉంటాయి. పడిన రోజు మాత్రం ఒక్కసారిగా పారతాయి. మోకాటి లోతు ప్రవాహం సైకిల్‌ను, మనిషిని కలిపి లాక్కుపోగలదు. ఆ ఒక్క మాట విలువ ఏ ప్రీమియం సబ్‌స్క్రిప్షన్‌కీ లేదు.

రెండో రోజు: పెనుకొండ, లేపాక్షి

రెండో రోజు సైకిల్‌ను కారులో వేసుకుని పెనుకొండ చేరాను. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఇక్కడికే మారింది. గగన్ మహల్, కొండ మీద కోట ఇంకా ఉన్నాయి. అదే ఊరి దగ్గర, ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు రావడం మొదలైంది. అంటే 44వ నంబర్ హైవే మీద లారీలు గట్టిగానే ఉంటాయి. అక్కడ పట్టపగలు కూడా వెనక ఎర్ర లైట్ మెరుస్తూ ఉండాల్సిందే. నా సలహా: హైవే మీద ఉన్న సమయాన్ని వీలైనంత తగ్గించి, ఊళ్ల మధ్య రోడ్లు పట్టుకోండి.

లేపాక్షి వీరభద్ర ఆలయం 16వ శతాబ్దానిది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. వేలాడే స్తంభం దగ్గర అందరూ గుంపుగా ఉంటారు, కానీ మెడ ఎత్తి పైకప్పు చిత్రాలు చూడండి. ఫొటో చిట్కా: ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను తెర కిందికి ఉండేలా ఒక గుడ్డ మీద నేలపై పెట్టి, మూడు సెకన్ల టైమర్ వేయండి. చేయి వణకదు కాబట్టి మసక వెలుతురులో కూడా ఫొటో స్పష్టంగా వస్తుంది.

ఏం తీసుకెళ్లాలి? ఏం వద్దు?

హ్యాండిల్ మౌంట్ నేను వాడలేదు. బైక్ ఇంజిన్ల వైబ్రేషన్ వల్ల కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ స్వయంగా హెచ్చరించింది. సైకిల్‌కి ఇంజిన్ లేదు గానీ గుంతలకు కొదవ లేదు. పైగా ఎండకు ఫోన్ వేడెక్కితే బ్రైట్‌నెస్ తగ్గుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే మొరాయిస్తుందన్నమాట.

పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్ చాలు. అయితే 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండుతుందని లెక్కేయకండి. వోల్టేజ్ మార్పిడిలో కొంత పోతుంది, సుమారుగా ఒకటిన్నర సార్ల లోపే.

చెవులు మూసేసే ఇయర్‌బడ్స్ అస్సలు వద్దు. ఈ రోడ్ల మీద బండి చాలా దూరం నుంచే వినపడుతుంది. నిశ్శబ్దమే మీ వెనక కెమెరా. దాన్ని పాటతో కప్పేస్తే ఎలా? టర్న్ చెప్పే వాయిస్ కావాలంటే చెవి తెరిచి ఉంచే రకం వాడండి.

ఇక టెక్ కాని సరుకు: రెండు బాటిళ్ల నీళ్లు, ఒక స్పేర్ ట్యూబ్, చిన్న పంపు. రోడ్డు పక్కన కంప ముళ్లు ఎవరినీ వదలవు. కోతల కాలంలో రోడ్డు మీదే పంట ఆరబోస్తారు, అక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్లండి. పంట వాళ్లది, జారితే దెబ్బ మనది.

ఇంట్లో వాళ్ల సంగతి?

లైవ్ లొకేషన్ పెట్టి వదిలేస్తే సరిపోతుందనుకోవద్దు. సిగ్నల్ పోగానే చుక్క ఒకచోట ఆగిపోతుంది. ఇంట్లో అమ్మ ఆ చుక్కనే చూస్తూ కూర్చుంటుంది. దానికంటే రూట్, టైమ్ ముందే చెప్పండి: "తొమ్మిదికి గాండ్లపెంటలో మెసేజ్ పెడతా, పన్నెండు దాటినా రాకపోతే కాల్ చెయ్." ఊరు వచ్చినప్పుడు ఫ్లైట్ మోడ్ తీసి ఒక ఎస్ఎంఎస్ పంపండి. వాట్సాప్ వెళ్లనిచోట కూడా ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశం ఎక్కువ. అత్యవసరమైతే 112. మీ సిమ్‌కి సిగ్నల్ లేకున్నా అక్కడున్న వేరే టవర్ ద్వారా ఆ కాల్ వెళ్లే వీలుంది.

మా మాట

ఈ రైడ్‌కి కొత్త గ్యాడ్జెట్ ఏదీ కొనక్కర్లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. కాకపోతే దాన్ని తెరలా కాకుండా రికార్డర్‌లా వాడాలి. దారి గుర్తుపెట్టుకోవడం దాని పని. వినడం, అడగడం, ఆగడం మన పని. ఇంటికొచ్చాక ఒక పావుగంట ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి ఇవ్వండి. మీరు చూసిన చప్టా, తాగునీటి కుళాయి, మూలమలుపు అందులో గుర్తు పెట్టండి. అది ఉచితం, ఎవరైనా చేయొచ్చు. వాన ఎప్పుడు పడుతుందో మ్యాప్ చెప్పలేదు గానీ, ముందు వంక ఉందనైనా తర్వాత వచ్చేవాళ్లకు తెలుస్తుంది.