పాత కంప్యూటర్లకు పనికివచ్చు షేర్‌వేర్, ఫ్రీవేర్ ప్రోగ్రాములు

గత వేసవిలో సమీప గ్రామపు రైతులు కొందరు మా ప్రదర్శన క్షేత్రమునకు వచ్చి యొక ప్రశ్న వేసిరి. “క్షేత్రములో తూర్పు కట్ట ప్రక్కనున్న కారుచౌడు చెక్కకు పూర్వము జిప్సము వేసి వరి పండించిరి గదా! ఎకరమున కెంత వేసిరి? ఎన్నవ యేటికి పంట నిలద్రొక్కుకొనెను? ఆ లెక్క మాకు చెప్పవలెను” అని అడిగిరి. వారి చేలును అట్టి చౌడుచేలే. జిప్సము కొనుటకు సంఘములో అప్పు తీయదలచి యుండిరి. అప్పు తీయబోవువానికి ఊహమీద లెక్క చెప్పుట మాకు తగదు.

ఆ లెక్క లేకపోలేదు. 1991 మొదలు 1998 వరకు మాకు ముందు ఈ పనిలోనున్నవారు ప్రతి చెక్కకును శ్రద్ధతో వ్రాసి యుంచిరి. అయితే అది కాగితముమీద లేదు. ఆ కాలపు డాస్ కంప్యూటరులో వ్రాసి, 14 ఫ్లాపీలలో నింపి, బీరువాలో పెట్టి, వారు ఉద్యోగ విరమణ చేసిరి. యంత్రము మూలనున్నది, ఫ్లాపీలు బీరువాలో నున్నవి, వానిని చదువు విధము మాలో నెవ్వరికిని తెలియదు. పాతర నిండ ధాన్యముండియు దాని నోరెక్కడనో తెలియని గృహస్థునివలె నుంటిమి.

ఆ పాతర తెరచుటకు మాకు తోడ్పడినవి పెద్ద వెల పెట్టి కొన్న సరకులు కావు. షేర్‌వేర్, ఫ్రీవేర్ అను పేళ్ళతో లోకమున పంచబడిన చిన్న ప్రోగ్రాములు. ఇట్టి పాత యంత్రములును, పాత ఫ్లాపీలును మరికొన్ని సంఘముల కార్యాలయములలోను ఉండవచ్చును. కావున వాని సంగతి ఇచ్చట వివరింప దలచితిమి.

పేళ్ళు, వాని భేదములు

ప్రోగ్రామనగా కంప్యూటరు ఏ పనిని ఏ వరుసను చేయవలెనో తెలుపు ఆజ్ఞల సముదాయము. అంగడిలో అమ్ము ప్రోగ్రామునకు వెల ముందు చెల్లింపవలెను. షేర్‌వేర్ అట్టిది కాదు. విత్తనములను ముందు చేతికిచ్చి, మొలక చూచిన పిమ్మట పైకము తీసికొనుట వంటిది. దానిని తెచ్చుకొని కొన్నాళ్ళు వాడి చూడవచ్చును. ఇరుగుపొరుగువారికి నకలు తీసి ఇయ్యవచ్చును. పనికివచ్చెనేని రచయిత కోరిన రుసుము పంపవలెను, పనికిరానిచో మానివేయవలెను.

ఫ్రీవేర్ చలివేంద్రము వంటిది. దాహము తీర్చుకొనుటకు రుసుము లేదు. అంతమాత్రమున కుండ మనదికాదు. ప్రోగ్రామును వాడవచ్చును గాని దానిని మార్చుటకు, అమ్ముటకు రచయిత అనుమతి యుండవలెను. కొన్నింటిని ఒంటరి మనుష్యులకు మాత్రమే ఉచితముగా నిచ్చి కార్యాలయములకు రుసుము విధింతురు. సంఘ కార్యాలయము స్వంత ఉపయోగము క్రిందికి రాదని కార్యదర్శులు గుర్తుంచుకొనవలెను.

మూడవ తరగతి కలదు. అందు ప్రోగ్రాముతో కూడ దాని మూలలిపిని, అనగా రచయిత స్వయముగా వ్రాసిన ఆజ్ఞల పాఠమునుగూడ, ఇచ్చివేయుదురు. మనము దానిని చదువవచ్చును, దిద్దుకొనవచ్చును, దిద్దిన దానిని మరల పంచవచ్చును. తీసి దాచి మరుసటి యేడు చల్లుకొనదగిన విత్తనమువంటిది యిది.

ఈ పద్ధతి పుట్టిన విధము

ఐ.బి.ఎం. కంపెనీవారి పర్సనల్ కంప్యూటరు 1981 ఆగస్టులో వెలువడినది. మరుసటి యేడే అమెరికాలో ఇరువురు, ఒకరినొక రెరుగకయే, ఒకే ఆలోచన చేసిరి. కాలిఫోర్నియాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అను సంపాదకుడు టెలిఫోను తీగపై కంప్యూటర్లు మాటలాడుకొనుటకు ఒక ప్రోగ్రామును వ్రాసి, దానిని ఎవ్వరైనను నకలు తీసికొనవచ్చుననియు, నచ్చినవారు 25 డాలర్లు పంపవలసినదనియు ప్రకటించెను. వాషింగ్టన్ రాష్ట్రములో ఐ.బి.ఎం. ఉద్యోగియైన జిమ్ నాఫ్ తన చర్చివారి చిరునామాల పట్టీలు అచ్చొత్తుటకై మొదలుపెట్టిన ప్రోగ్రామును మిత్రులకు పంచిపెట్టుచు, పంపకపు ఖర్చు పెరుగగా 10 డాలర్లు కోరెను. ఇరువురి ప్రోగ్రాములును చేరిన వాడుకరి యొకరు ఒకరి సంగతి యొకరికి తెలుపగా, వారు కూడబలుకుకొని తమ ప్రోగ్రాములకు పీసీ-టాక్, పీసీ-ఫైల్ అని జంటపేళ్ళు పెట్టి, రుసుమును 25 డాలర్లుగా నిర్ణయించుకొనిరి.

ఫ్లూగెల్‌మన్ తన పద్ధతికి ఫ్రీవేర్ అని పేరిడి, ఆ పేరును తన వ్యాపారచిహ్నముగా చేసికొనెను. అందుచే తక్కినవారికి వేరు పేరు కావలసి వచ్చి, షేర్‌వేర్ అను మాట స్థిరపడినది. 1983లో బాబ్ వాలెస్ అను నాతడు పీసీ-రైట్ అను వ్రాతప్రోగ్రామును ఈ పద్ధతినే పంచెను. నమోదు రుసుము 75 డాలర్లు. నమోదైన సభ్యుడు తన నకలు నితరునకిచ్చి, ఆ యితరుడును నమోదు చేసికొన్నచో, మొదటివానికి 25 డాలర్లు ముట్టుచుండెను. సరకు వాడినవాడే దానిని వ్యాపింపజేసి లాభములో పాలు పొందుట మన సంఘముల వారికి క్రొత్త విషయము కాదు.

రుసుము చెల్లింపనివారిని పట్టుకొనుటకు ఈ రచయితలయొద్ద బంట్రోతులు లేరు. నమ్మకమే వారి పూచీ. అట్లయ్యు ఈ ముగ్గురును తమ ప్రోగ్రాములమీదనే సంస్థలు నడుపగలిగిరి.

పని వరుస

ఇక పాత ఫ్లాపీలనుండి లెక్కలు వెలికితీయు వరుస చెప్పెదము. విత్తనశుద్ధి చేయక విత్తరాదు. అట్లే మొదటి మెట్టు దాటక రెండవదానికి పోరాదు.

మొదటిది, తాళము వేయుట. 5¼ అంగుళముల ఫ్లాపీకి అంచున నొక గంటు ఉండును. దానిపై కాగితపు పట్టీ అంటించినచో యంత్రము చదువగలదు గాని దానిపై వ్రాయజాలదు. 3½ అంగుళముల దానికి మూలనున్న చిన్న పలకను జరిపి రంధ్రము కనబడునట్లు చేయవలెను. దీనికి ప్రోగ్రాముతో పనిలేదు, ఖర్చులేదు. అన్నిటికంటె ముఖ్యమైన దిదియే.

రెండవది, తెగులు సోకకుండ చూచుకొనుట. 1986లో లాహోరునుండి బయలుదేరిన బ్రెయిన్ మొదలుకొని అనేక వైరసులు ఫ్లాపీ మొదటి భాగములో దాగియుండెడివి. తెగులుగల ఫ్లాపీ యంత్రములో నుండగా మీట నొక్కినచో వైరసు యంత్రములోనికి ప్రాకును. కావున యంత్రమును మొదలిడునప్పుడు పాత ఫ్లాపీని లోపల నుంచరాదు. ఐస్‌లాండ్ దేశస్థుడగు ఫ్రిద్రిక్ స్కులాసన్ రచించిన ఎఫ్-ప్రాట్ ఈ తెగుళ్ళను కనిపెట్టుటలో ప్రసిద్ధి కెక్కినది. డాస్‌పై నడచు దానిని స్వంత ఉపయోగమునకు ఉచితముగా నిచ్చిరి, కార్యాలయములకు రుసుముండెను. మాది కార్యాలయము గావున దానిని వాడక, తీసిన నకళ్ళను క్రొత్త కంప్యూటరుమీద పరీక్షించుకొంటిమి.

మూడవది, ప్రతిబింబము తీయుట. ఫ్లాపీలోని ఫైళ్ళను ఒక్కొక్కటిగా తీయుటకు ముందు, ఫ్లాపీ నంతటిని ఉన్నదున్నట్లు ఒకే ఫైలుగా నకలు తీయవలెను. 360 కిలోబైట్ల ఫ్లాపీలో 40 వలయములు, రెండు ముఖములు, వలయమునకు 9 ఖండములు, ఖండమునకు 512 బైట్లు. వెరసి 3,68,640 బైట్లు. కెనడా దేశస్థుడు డేవ్ డన్‌ఫీల్డ్ ఉచితముగా నిచ్చిన ఇమేజ్‌డిస్క్ అను డాస్ ప్రోగ్రాము ఇవన్నియు వరుసగా చదివి భద్రపరచును. చదువరాని ఖండమేదో తెలుపును. యంత్రములోని స్వంత ఫ్లాపీ పెట్టెతోనే ఇది పనిచేయును గాని, యూఎస్‌బీ తీగతో తగిలించు పెట్టెలతో పనిచేయదు. మూలబడిన పాత యంత్రమునకు నేడును గల విలువ ఇదియే. దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయవలదు.

నాల్గవది, చూచుట. ఫైలులో నేమున్నదో తెలియనప్పుడు దానిని వ్రాతప్రోగ్రాములో తెరచినచో పొరపాటున మార్పు జరుగవచ్చును. వెర్నన్ బ్యూర్గ్ రచించిన లిస్ట్ అను షేర్‌వేర్ ఫైలును చూపునే గాని మార్చదు. అక్షరములుగాను, బైట్ల అంకెలుగాను రెండు విధముల చూపును.

ఐదవది, విప్పుట. ప్రత్తిని మరలో నొక్కి బేళ్ళు కట్టినట్లు, ఆ కాలమున స్థలము చాలక ఫైళ్ళను నొక్కి దాచెడివారు. ఇందులకు ఫిల్ కాట్జ్ 1989లో వెలువరించిన పీకే-జిప్ అను షేర్‌వేర్ లోకమంతట వ్యాపించినది. జిప్ బేలు కట్టు విధానమును ఆయన దాచక ప్రకటించినందుననే, నేటికిని ప్రతి కంప్యూటరును దానిని విప్పగలుగుచున్నది. ఒక్క సంగతి గమనింపవలెను. 1993లో వచ్చిన 2.04 సంఖ్యగల పీకే-జిప్ క్రొత్త నొక్కుడు పద్ధతిని తెచ్చెను. అంతకు ముందరి విప్పుడు ప్రోగ్రాములు ఆ బేళ్ళను విప్పలేవు. మూలలిపితోకూడ ఉచితముగా లభించు ఇన్ఫో-జిప్ వారి అన్‌జిప్ రెండు కాలముల బేళ్ళను విప్పగలదు. విప్పుటకు ముందు బేలు చెడినదో లేదో పరీక్షించుటకును అందు ఆజ్ఞ కలదు.

ఆరవది, మోయుట. పాత యంత్రమునుండి క్రొత్తదానికి ఫైళ్ళను చేర్చుటకు కెర్మిట్ మిక్కిలి నమ్మకమైనది. దీనిని 1981లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమువారు, పెద్ద యంత్రములో చోటుచాలని విద్యార్థులు తమ ఫైళ్ళను చిన్న యంత్రముల ఫ్లాపీలలో దాచుకొనుటకై కల్పించి లోకమునకు పంచిరి. ఇది ఫైలును చిన్న పొట్లములుగా చేసి, ఒక్కొక్క పొట్లమునకు లెక్క వ్రాసి పంపును. ఆవలివైపున లెక్క కుదరనిచో ఆ పొట్లమును మరల తెప్పించుకొనును. రెండు యంత్రముల సీరియల్ ద్వారములను, ఒకదాని పంపు తీగ రెండవదాని అందుకొను తీగకు తగులునట్లు కలిపిన చాలును. సీరియల్ ద్వారములేని క్రొత్త యంత్రమునకు యూఎస్‌బీ మార్పుముక్క దొరకును.

తుదకు, పాత యంత్రములోని డాస్ చెడియున్నచో ఫ్రీడాస్ కలదు. మైక్రోసాఫ్ట్ వారు డాస్‌ను వదలుకొనుచున్నారని విని, జిమ్ హాల్ అను అమెరికా విద్యార్థి 1994 జూన్ 29వ తేదీన దీనిని తలపెట్టెను. అనేకులు చేయికలపగా 2006లో 1.0 సంఖ్యగల ప్రతి వెలువడినది. మూలలిపితో, ఉచితముగా లభించును. నేటికిని దిద్దుబాట్లు జరుగుచున్నవి.

మేము చేసిన తప్పు

14 ఫ్లాపీలలో 12 చక్కగా వచ్చినవి. ఒకటి బూజుపట్టి చెడెను. రెండవదానిని మేమే చెరచితిమి. బూజుపట్టినదానిని తుడువక పెట్టెలో త్రోయగా, ఆ బూజు చదువు మొనకు అంటుకొనెను. మొనను శుభ్రపరపకయే తొందరపడి మరియొక మంచి ఫ్లాపీని త్రోసితిమి; అది గీచుకొనిపోయినది. అది జిప్సము వేసిన మూడవయేటి లెక్క. రైతులు అడిగినదానిలో ముఖ్యభాగము. బూజుగల ఫ్లాపీలను వేరుచేసి చివరకుంచి, ప్రతిదాని తరువాతను మొనను తుడిచియున్నచో ఆ నష్టము కలుగకుండును.

వచ్చిన రైతులలో వృద్ధుడొకడు ఆ దినములలో క్షేత్రమున కూలికి కోత కోసినవాడు. ఆతని పాత పంచాంగపు అట్టవెనుక ఆ యేటి బస్తాల లెక్క దొరకినది. జిప్సము తూకము మాత్రము దొరకలేదు. ఉన్న లెక్కలను వారికిచ్చి, మట్టిపరీక్ష చేయింపక వానిని తమ చేలకు వర్తింపజేయరాదని చెప్పి పంపితిమి.

తీరని బాకీ

ఫ్లాపీల పెట్టె అడుగున ఒక కాగితము దొరకినది. అది ఒక చిన్న షేర్‌వేర్ ప్రోగ్రాముతో వచ్చిన నమోదు దరఖాస్తు. మా కార్యాలయములో ఆ ప్రోగ్రామును ఎనిమిదేండ్లు వాడిరి. దరఖాస్తు మాత్రము నింపబడలేదు. ఆ దినములలో పల్లెనుండి డాలర్లు పంపుట సులభముకాదన్నది నిజమే. అయినను బాకీ బాకీయే. మేము ఆ చిరునామాకు ఉత్తరము వ్రాయగా, చిరునామాదారు లేడని తిరిగి వచ్చినది. మిషను బడిలో మా ఉపాధ్యాయుడు, ఎరువు తెచ్చుకొన్న పుస్తకమునకు అట్టవేసి మరీ తిరిగి ఇయ్యవలెనని చెప్పెడివాడు. తిరిగి తీసికొనువాడే లేనిచో ఏమిచేయవలెనో ఆయన చెప్పలేదు.

ఫ్లూగెల్‌మన్ 1985లో అదృశ్యుడై మరల కనబడలేదు. కాట్జ్ 2000లోను, వాలెస్ 2002లోను గతించిరి. వారి రెక్కల కష్టము మన లెక్కలలో నింకను నిలిచియున్నది. కావున సభ్యులకు మా మనవి: పాత ప్రోగ్రాములను తెచ్చుకొనునప్పుడు వానితో వచ్చు రచయిత ప్రకటన ఫైలును తీసివేయక, నకలుతోపాటు ఇతరులకును ఇయ్యుడు. రుసుము కోరిన రచయిత జీవించియుండగనే చెల్లింపుడు. మీ బీరువాలోని ఫ్లాపీలను వచ్చు వర్షకాలపు తేమకు ముందే వెలికితీసి తాళము వేసి నకలు తీయుడు. ఇక ముఖ్యమైన లెక్కను, ఎంత క్రొత్త యంత్రములోనున్నను, ఏటేట కాగితముమీద అచ్చొత్తి మినిట్సు పుస్తకముతోపాటు దాచుడు.