నురుగంతయు శుభ్రత కాదు

ఒక పట్టణమందలి గృహమున ఆదివారమునాటి ఉదయము చిన్న కలకలము పుట్టెను. బట్టలుతుకు యంత్రపు అద్దపు తలుపు వెనుక బట్టలు కానరాలేదు. తెల్లని నురుగు మాత్రమే కానవచ్చుచుండెను. కొంతసేపటికి ఆ నురుగు సబ్బుపొడి పోయు అరనుండి పొంగి, యంత్రము ముందుభాగముపై జారి, గచ్చుమీద పాఱసాగెను. యంత్రము రెండుమూడు మాఱులు వడిగా తిరుగుటకు యత్నించి, తుదకు ఆగిపోయెను.

ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ యింటి బాలిక పరుగున వచ్చి, "నాయనమ్మా! మిషను చెడిపోయినది. మెకానిక్కును పిలువవలెను" అనెను.

నాయనమ్మ ఆమెను గడపకడనే నిలిపి, "తడికాళ్లతో దానిని ముట్టకు తల్లీ! మొదట కరెంటు ఆపవలెను" అని, తాను పొడిగానున్న చోట నిలిచి, పొడిచేతితో గోడయందలి స్విచ్చి కట్టివేసెను. పిమ్మట, "పొడి ఎంత వేసితివి?" అని యడిగెను.

"ఎప్పటివలెనే రెండు గరిటెలు, నాయనమ్మా!"

"గడచిన నెలవఱకు మనము వాడినది బోరునీరు. ఈ నెలనుండి కుళాయిలో నదినీరు వచ్చుచున్నది. నీరు మాఱినది, నీ గరిటె మాఱలేదు. మిషనులో దోషము లేదేమో, చూతము" అని ఆమె పలికెను.

ఆ వృద్ధురాలి మాటలో గొప్ప శాస్త్రవిషయము ఇమిడియున్నది.

నురుగు అనగా నేమి? నీటి పలుచని పొరలలో చిక్కుపడిన గాలియే నురుగు. స్వచ్ఛమైన నీటిని ఎంత చిలికినను నురుగు నిలువదు. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకొనుచుండుటచే నీటి ఉపరితలము బిగించిన పొరవలె నుండును. ఈ గుణమునే తలతన్యత యందురు. సబ్బు అణువునకు రెండు కొనలు కలవు. ఒక కొన నీటిని కోరును. రెండవ కొన నీటికి తొలగి, నూనెను ఆశ్రయించును. ఇట్టి అణువులు నీటి ఉపరితలమున చేరి తలతన్యతను తగ్గించును. అందుచే గాలిబుడగ చుట్టును నీటిపొర సాగి, కొంతకాలము పగులక నిలుచును. మన యిండ్లలో తలంటికి వాడు కుంకుడుకాయలోని సపోనిను అను పదార్థమునకును ఇట్టి గుణమే కలదు. కావుననే కుంకుడురసమును చిలికిన నురుగు వచ్చును.

ఈ ఉపరితలమును గూర్చిన పరిశోధనకు వంటయిల్లే ప్రయోగశాలయైన వృత్తాంత మొకటి కలదు. 1862లో జన్మించిన ఆగ్నెస్ పోకెల్స్ అను మహిళ జర్మనీదేశమున నివసించెను. ఆ కాలమున అచట స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేకుండెను. ఆమె యింటిపనులు చేసికొనుచునే, సుమారు ఇరువదియేండ్ల ప్రాయమున, ఒక రేకుతొట్టిలో నీరు నింపి, ఆ నీటిపై జిడ్డుపొర చేరినపుడు తలతన్యత ఎట్లు మాఱునో కొలువసాగెను. తాను కనుగొన్న సంగతులను 1891లో ఇంగ్లండులోని లార్డు రాలేకు లేఖగా వ్రాసెను. ఆయన ఆ లేఖ విలువను గ్రహించి 'నేచర్' పత్రికలో అచ్చు వేయించెను. వంటపాత్రలు కడుగు నీటిలో సైతము శాస్త్రము దాగియున్నదని చెప్పుటకు ఇంతకంటె తార్కాణము వేఱు అక్కఱలేదు.

ఇక ఉదుకుట ఎట్లు జరుగును? సబ్బు అణువుల నూనెకొనలు బట్టయందలి జిడ్డును పట్టుకొనును. నీటికొనలు వెలుపలికి తిరిగియుండును. ఇట్లు జిడ్డు చిన్నచిన్న బిందువులుగా విడివడి, బట్టను వీడి, నీటితో కొట్టుకొనిపోవును. ఈ పని యంతయు నీటిలో జరుగును. నురుగు నీటిపై తేలుచుండును. నురుగు కొంచెము కనబడిన, నీటిలో సబ్బు చాలినంత యున్నదని తెలియును. అంతకుమించి దానివలన కలుగు ప్రయోజనము స్వల్పము.

మితిమీఱిన నురుగు మేలు చేయకపోవుటయే కాదు, కీడును చేయును. రేవులో బట్టను బండపై కొట్టినపుడు ఆ దెబ్బకు మురికి వదలును. ముందువైపు తలుపుగల యంత్రములో గుండ్రని తొట్టి అడ్డముగా తిరుగుచు బట్టలను పైకెత్తి క్రిందికి జాఱవిడుచును. బండదెబ్బ చేయు పనిని ఆ పాటు చేయును. తొట్టి నిండ నురుగున్నచో బట్టలు దూదిపఱుపుపై పడినట్లు మెల్లగా పడును, మురికి వదలదు. మఱియు నీటిని వెలికి త్రోయు పంపు నీటిని త్రోయగలదు కాని, గాలితో నిండిన నురుగును త్రోయజాలదు. నీటిమట్టమును తెలిసికొను సాధనము సయితము నురుగువలన పొరపడును. తొట్టికిని దాని వెలుపలి కవచమునకును నడుమ నురుగు క్రిక్కిఱిసి, వడిగా తిరుగుటకు అడ్డుపడును. అందుచేత పెక్కు యంత్రములు తమంతట తామే ఆగిపోవును. బట్టలలో మిగిలిన సబ్బు చర్మమునకు దురద పుట్టింపవచ్చును. పసిబిడ్డల బట్టల విషయమున ఈ జాగ్రత్త మఱింత అవసరము.

నురుగు పొంగుటకు కారణములు ముఖ్యముగా నాలుగు. మొదటిది, పొడి ఎక్కువగుట. రెండవది, చేతితో ఉదుకుటకై తయారైన పొడిని ముందుతలుపు యంత్రములో వేయుట. ఇట్టి యంత్రములకై చేసిన పొడులలో నురుగును అణచు పదార్థములు కలిపియుందురు. మూడవది, నీటి గుణము. బోరునీటిలో తఱచుగా కాల్షియము, మెగ్నీషియము లవణములు మెండుగా నుండును. అవి సబ్బులో కొంత భాగమును వ్యర్థపఱచును. వాననీటిలో అట్టి లవణములు లేనందున కొద్దిపాటి సబ్బునకే విశేషముగా నురుగు వచ్చును. నాలుగవది, బట్టలు కొద్దిగా నుండుట, లేక అవి అంతగా మాయకుండుట. వీనికి తోడు నీరుపోవు గొట్టమో, పంపు జల్లెడయో పూడియున్నచో సబ్బునీరు లోపలనే నిలిచిపోవును.

నీటి భేదమును విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. సమానమైన రెండు గాజుసీసాలను తీసికొని, ఒకదానిలో వాననీటిని, వేఱొకదానిలో బోరునీటిని సమానముగా పోయవలెను. రెంటిలోను ఒకే పరిమాణము గల సబ్బుముక్కలను వేసి, మూతలు బిగించి, పదేసి మాఱులు కుదుపవలెను. నురుగు ఎత్తులోని భేదము కంటికే కనబడును. బోరునీటిలో తెల్లని తెట్టె కట్టుట సయితము తఱచుగా చూడవచ్చును.

నురుగు పొంగినపుడు చేయవలసిన పనులకు ఒక క్రమము కలదు. నేలపై నీరున్నచో మొదట విద్యుత్తును ఆపవలెను. స్విచ్చికి చేరు దారియే తడిసియున్నచో దాని జోలికి పోక, ఇంటి మెయిను స్విచ్చిని పెద్దలచేత ఆపింపవలెను. యంత్రము తలుపును బలవంతముగా తెఱువరాదు. ఇరువది నిమిషములు కదపక విడిచినచో నురుగు చాలవఱకు తనంతట తానే అణగును. నేలను తుడిచి, పొడిగానున్నదని నిశ్చయించుకొని, అప్పుడు విద్యుత్తు ఇచ్చి, నీటిని వెలికిపంపు మీట నొక్కవలెను. నీరు పోకున్నచో, విద్యుత్తును మరల ఆపి, లోపలి నీరు వేడిగానున్నచో చల్లారనిచ్చి, అడుగుననున్న చిన్నమూత విప్పి జల్లెడను చూడవలెను. మూత క్రింద పళ్లెము నుంచుట మంచిది, ఏలయన లోపలి నీరు వెలికి వచ్చును. నాణెములు, గుండీలు, తలపిన్నులు అచట చిక్కుకొనుట సాధారణము. పిదప పొడి వేయక బట్టలను జాడింపు క్రమమున త్రిప్పవలెను. నురుగు పోవువఱకు దీనిని మరల చేయవలెను.

కొందఱు నురుగు నణచుటకు వినిగరు పోయుదురు. తెలుపుచేయు క్లోరిను ద్రవమున్న చోట వినిగరును ఎన్నడును కలుపరాదు. వాని కలయికవలన ప్రాణాపాయకరమైన క్లోరిను వాయువు పుట్టును. ఓర్పుతో రెండు జాడింపులు చేయుట అన్నింటికంటె క్షేమము.

ఇంటి నురుగు ఇంటితో ముగియదు. గత శతాబ్దపు నడిమి దశకములలో వాడిన కొన్ని కృత్రిమ డిటర్జెంట్లను నీటిలోని సూక్ష్మజీవులు జీర్ణింపజాలకపోయెను. అమెరికా, ఐరోపాదేశముల నదులపై నురుగు గుట్టలుగా తేలెను. అణువులోని కొమ్మలవంటి గొలుసును తిన్నని గొలుసుగా మార్చినచో సూక్ష్మజీవులు దానిని విడగొట్టగలవని రసాయనవేత్తలు గ్రహించిరి. 1965 నాటికి అమెరికాలోని తయారీదారులు ఆ మార్పు చేసిరి. ఐనను శుద్ధిచేయని మురుగునీరు చేరినచోట ఈ బెడద మిగిలియే యున్నది. 2015లో బెంగుళూరునందలి బెళ్లందూరు చెఱువుపై లేచిన నురుగు గాలికి ఎగిరి బాటసారులపై పడెను. ఢిల్లీలో యమునానదిపైని నురుగు పలుమాఱులు వార్తలకెక్కినది. ఒక యింట వృథాగా పడిన గరిటెడు పొడి అల్పమే. ఊరి యిండ్లన్నింటి గరిటెలను కూడినచో అది అల్పము కాదు.

ఆ గృహమున మూడవ జాడింపునకు అద్దపు తలుపు వెనుక బట్టలు స్పష్టముగా కానవచ్చెను. యంత్రము యథాప్రకారము వడిగా తిరిగి, నీరు పిండి, ఆగెను. మెకానిక్కుతో పని లేకపోయెను. బాలిక పొడిడబ్బాపైని సూచనలను మొదటిసారి ఆసాంతము చదివి, పాత గరిటెను తీసి, డబ్బాలోని కొలతచెంచాను దాని చోట నుంచెను.

నాయనమ్మ నవ్వి, "కూరలో ఉప్పు ఎట్టిదో, ఉదుకులో సబ్బు అట్టిదే తల్లీ!" అనెను.