స్వరలిపి ఒక్కటే మిగిలితే

లూకాస్‌ఆర్ట్స్ సంస్థ 1991లో విడుదల చేసిన సాహస గేమ్ ‘మంకీ ఐలండ్ 2’లో ఉడ్‌టిక్ అనే చోటు ఉంది. పాడుబడిన ఓడలను ఒకదానికొకటి చేర్చి ఓడదొంగలు కట్టుకున్న ఊరు అది. ఆ ఊళ్లో తిరుగుతున్నంతసేపూ ఒక బాణీ వినిపిస్తూ ఉంటుంది. ఏదైనా ఓడలోకి అడుగుపెడితే అదే బాణీ లయ చెదరకుండా మరో వాద్యం మీదికి, మరో పోకడలోకి మారుతుంది. బయటికి వస్తే చిన్న ముక్తాయింపుతో మళ్లీ మొదటి దారిని అందుకుంటుంది. ఆటగాడు ఎప్పుడు ఎటు వెళ్తాడో స్వరకర్తకు తెలియదు. అయినా వినేవారికి ఎక్కడా అతుకు తెలియదు.

దీన్ని సాధించిన వ్యవస్థ పేరు ఐమ్యూజ్. మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్ అనే ఇద్దరు స్వరకర్తలే దాన్ని రూపొందించారు. స్వరాల వరుసలోనే వారు అక్కడక్కడ గుర్తులు పెట్టారు. చోటు మారిందన్న కబురు అందగానే సంగీతం తెగిపోదు. అనువైన గుర్తు వచ్చేదాకా ఆగి, అక్కడినుంచి కొత్త భాగంలోకి వెళ్తుంది. కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుడి చూపు కనిపెట్టి, ఆవర్తనం ముగిసే చోటు చూసుకుని ముక్తాయించడం లాంటిదే ఇది. ఈ పద్ధతికి 1994లో అమెరికాలో పేటెంటు లభించింది. హక్కు కాపాడుకోవడానికి రాసిన ఆ పత్రమే ఇప్పుడు ఆ సంగీతం ఎలా నడిచేదో వివరించే విలువైన ఆధారమైంది.

ఇలాంటి సంగీతాన్ని భద్రపరచడం అంటే ఏమిటి? రికార్డు చేసి దాచుకుంటే ఒక ఆటగాడు ఒకసారి నడిచిన దారి మాత్రమే దక్కుతుంది, నడవని దారులన్నీ పోతాయి. ఆ కాలపు సాహస గేమ్‌లలో సంగీతమూ చిత్రమూ చాలావరకు తయారైన వస్తువులు కావు, యంత్రానికి ఇచ్చిన ఆదేశాలు. ఆదేశాలతో పాటు వాటిని పాటించిన యంత్రం తీరు కూడా నిలిస్తేనే ఆ కళ నిలిచినట్టు.

ధ్వని సంగతి చూద్దాం. మామూలు పీసీలోని స్పీకరు ఒకసారికి ఒక్క స్వరమే పలికే రోజుల్లో, 1987లో, జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ ఎంటీ-32 అనే సింథసైజర్‌ను తెచ్చింది. స్వరం మొదలయ్యే క్షణం కోసం, ముందే నమూనాగా దాచిన శబ్దపు తునకను వాడి, కొనసాగింపుకు కృత్రిమ తరంగాన్ని జోడించడం దాని కిటుకు. మరుసటి ఏడాది సియెర్రా సంస్థ ‘కింగ్స్ క్వెస్ట్ 4’ సంగీతాన్ని దాని కోసం రాయించింది. గేమ్ ఫైల్‌లో ఉండేది ఏ స్వరం, ఎంతసేపు, ఎంత బలంగా అన్న లెక్కే. అది స్వరలిపి. కీర్తనకు స్వరలిపి పుస్తకంలో దొరుకుతుంది కానీ గమకం గొంతులో ఉంటుంది. ఇక్కడ ఆ గొంతు ఎంటీ-32. పైగా చాలా గేమ్‌లు మొదలవుతూనే తమ సొంత వాద్య ధ్వనులను దానికి పంపేవి. అవి అందకుండా ఆ లిపిని మరో పరికరానికి ఇస్తే ఒక వాద్యం మోగవలసిన చోట మరొకటి మోగుతుంది. 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణంలో వాద్యాల సంఖ్యలే వేరు.

ఇంతకంటే ఆలోచింపజేసే విషయం ఒకటుంది. తొలి ఎంటీ-32లో కొన్ని లోపాలు ఉండేవి. కొన్ని గేమ్‌లు తెలిసో తెలియకో వాటి మీదే ఆధారపడ్డాయి. లోపాలు సరిదిద్దిన తరువాతి నమూనాలో ఆ గేమ్‌లు తప్పుగా పలుకుతాయి. కాబట్టి ఆ పరికరాన్ని సాఫ్ట్‌వేర్‌లో పునర్నిర్మించే మంట్ వంటి ప్రాజెక్టులు లోపాలను కూడా నిష్ఠగా అనుకరించాలి. పాత తాళపత్రంలోని పాఠాన్ని తన ఇష్టం వచ్చినట్టు దిద్దని పరిష్కర్తకు ఉండవలసిన క్రమశిక్షణే ఇది.

చిత్రాల విషయంలో తోలుబొమ్మలాట గుర్తుకు రావాలి. తోలుబొమ్మను పగటి వెలుతురులో బల్ల మీద పెట్టి చూసినా బొమ్మ బొమ్మే. కానీ వెనుక దీపం, ముందు తెల్లటి తెర ఉన్నప్పుడే ఆ రంగులు వెలుగుతాయి. 1990 నాటి ‘లూమ్’ గేమ్ కోసం చిత్రకారుడు మార్క్ ఫెరారీకి దొరికినవి పదహారు రంగులే. రెండు రంగుల చుక్కలను గళ్లబట్టలా పక్కపక్కన పరచి, కంటికి మూడో రంగు తోచేలా చేసి, ఆయన సంధ్యాకాంతులను సాధించారు. నాటి గాజు మానిటర్ మీద ఆ చుక్కల అంచులు కొద్దిగా కలిసిపోయేవి. నేటి పదునైన తెర మీద అవి విడివిడిగా, గరుకుగా కనిపిస్తాయి. కొలత కూడా మారిపోతుంది. 320×200 పిక్సెళ్ల చిత్రాన్ని 4:3 నిష్పత్తి గల తెర నిండా చూపేవారు కనుక ప్రతి పిక్సెల్ వెడల్పు కన్నా ఎత్తు 20 శాతం ఎక్కువ. ఈ సంగతి మరిచి చదరపు పిక్సెళ్లతో చూపితే గుండ్రని చందమామ పైనుంచి నొక్కినట్టు అవుతుంది.

1984 నాటి తొలి ‘కింగ్స్ క్వెస్ట్’లో నేపథ్య చిత్రాలు పిక్సెళ్లుగా కూడా ఉండవు. ఇక్కడ గీత గీయి, ఇక్కడ రంగు నింపు అన్న ఆదేశాల వరుసగా ఉంటాయి. వాటి వెనుక కంటికి కనబడని రెండో చిత్రం ఉంటుంది. కథానాయకుడు చెట్టుకు ముందు నడవాలా, వెనుక నడవాలా అన్నది అదే నిర్ణయిస్తుంది. తెరను ఫొటో తీసి దాచుకున్నవారికి ఈ రెండో చిత్రం దక్కదు.

ఈ పనికి స్వచ్ఛంద సేవకులు చేసిన మేలు ఎంతో ఉంది. స్వీడన్‌కు చెందిన లుడ్విగ్ స్ట్రిగ్యూస్ తదితరులు 2001లో మొదలుపెట్టిన స్కమ్‌వీఎం అనే సాఫ్ట్‌వేర్, గేమ్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు చదివి, వాటిని నడిపించే భాగాన్ని మాత్రమే కొత్తగా రాస్తుంది. 1997 నాటి ‘బ్లేడ్ రన్నర్’ గేమ్ అసలు ప్రోగ్రామ్ దొరకకుండా పోయినా, ఏళ్లపాటు దాని నడతను విప్పి చూసి, 2019లో ఆడదగిన స్థితికి తెచ్చారు. ఫ్లాపీలను చదివే తీరూ మారింది. సున్నాలు, ఒకట్లు మాత్రమే ఎత్తి రాసుకోకుండా, అయస్కాంత దిశ మారే ఒక్కో క్షణానికీ తరువాతి క్షణానికీ మధ్య కాలాన్ని కొలిచి దాచే పరికరాలు వచ్చాయి. కాపీ చేయనివ్వకుండా కావాలని పెట్టిన చిక్కుముళ్లు కూడా అలాగే నిలుస్తాయి. వాణిజ్య సంస్థలు మెరుగులు దిద్దిన కొత్త ముద్రణలు తెస్తున్నాయి. వాటిలో 2009 నాటి ‘మంకీ ఐలండ్’ పద్ధతే నాకు సరైనదిగా తోస్తుంది. ఒక్క మీట నొక్కితే కొత్త బొమ్మ స్థానంలో పాత బొమ్మ వస్తుంది.

చట్టం మాత్రం ఇంత దూరం రాలేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. గ్రంథాలయాలు తమ దగ్గరున్న అలాంటి గేమ్‌లను పరిశోధకులకు దూరం నుంచి చూపడానికి మినహాయింపు కోరితే, 2024 అక్టోబరులో అక్కడి కాపీరైటు కార్యాలయం నిరాకరించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉన్న స్ట్రాంగ్ మ్యూజియం వంటి చోట భద్రంగా ఉన్న ఒక పాత గేమ్‌ను ఆడి చూడాలంటే, హైదరాబాదులో ఉన్న పరిశోధకుడు ఇంకా విమానం ఎక్కవలసిందే.